వీఎంలో టైమ్ తప్పుతోందా? కారణం కనుక్కొని సరిచేయడం ఎలా

"వర్చువల్ మెషీన్‌లో టైమ్ వెనకబడుతోంది, సరిచేసినా రేపటికి మళ్లీ తప్పుతోంది, ఏం చేయాలి?" కాజీపేట, హన్మకొండ వైపు ఇంజినీరింగ్ చదివే పిల్లల నుంచి మడికొండ ఐటీ పార్కులో, కరీంనగర్ ఐటీ టవర్‌లో పనిచేసేవాళ్ల దాకా చాలామంది ఇదే అడుగుతున్నారు. విడివిడిగా చెప్పడం కంటే మొదటి నుంచి చివరిదాకా ఒకేచోట రాస్తే మేలనిపించింది.

టైమ్ కొంచెం అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అనుకోకండి. ఓటీపీ యాప్‌లు ఇచ్చే ఆరంకెల కోడ్ సాధారణంగా 30 సెకన్లకోసారి మారుతుంది, సర్వర్ గడియారం నిమిషం తప్పితే మీరు కొట్టిన సరైన కోడ్ కూడా తప్పయిపోతుంది. విండోస్ డొమైన్‌లో లాగిన్ తనిఖీ చేసే కెర్బెరోస్ అనే పద్ధతి మామూలుగా 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది, అది దాటితే పాస్‌వర్డ్ కరెక్టే అయినా లాగిన్ కాదు. వెబ్‌సైట్ సర్టిఫికెట్ ఇంకా చెల్లదంటుంది, ఉబుంటులో అప్‌డేట్ కొడితే రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదని ఆగుతుంది, ప్రోగ్రాం కంపైల్ చేసే మేక్ కమాండ్ కొడితే "క్లాక్ స్క్యూ డిటెక్టెడ్" అని వస్తుంది. వీటిలో ఏది కనిపించినా పాస్‌వర్డ్ మార్చడం, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టకుండా ముందు గడియారం చూడండి.

థియరీ రెండు ముక్కల్లో. మీ లాప్‌టాప్ అసలు మెషీన్, అంటే హోస్ట్. దాని లోపల నడిచే వీఎం (వర్చువల్ మెషీన్, సాఫ్ట్‌వేర్‌తో తయారైన ఇంకో కంప్యూటర్) గెస్ట్. గెస్ట్‌కు సొంత గడియారం లేదు, హోస్ట్ ఇచ్చే టైమర్‌ను నమ్ముకుని లెక్కపెట్టుకుంటుంది. హోస్ట్ వేరే పనిలో ఉండి దానికి సీపీయూ వంతు ఇవ్వకపోతే ఆ లెక్క ఆలస్యమవుతుంది, లాప్‌టాప్ మూత వేస్తే లెక్కే ఆగిపోతుంది, మూత తీశాక మధ్యలో రెండు గంటలు గడిచాయని గెస్ట్‌కు ఎవరో ఒకరు చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే టైమ్ తప్పుతుంది, ఇద్దరు ముగ్గురు చెప్పినా తప్పుతుంది. నేను చూసిన కేసుల్లో ఎక్కువ ఈ రెండో రకమే.

కావలసినవి

- గెస్ట్‌లో సుడో (లైనక్స్ అడ్మిన్) హక్కు, విండోస్ గెస్ట్ అయితే అడ్మినిస్ట్రేటర్ హక్కు
- హోస్ట్ మీద అడ్మిన్ హక్కు (కాలేజీ ల్యాబ్‌లో ఇది మీ దగ్గర ఉండదు, ల్యాబ్ ఇన్‌చార్జిని పక్కన ఉంచుకోండి)
- ఇంటర్నెట్, అందులో టైమ్ సర్వర్‌లతో మాట్లాడే యూడీపీ 123 పోర్ట్ తెరిచి ఉండాలి. లేకపోయినా దారి ఉంది, కింద చెప్పాను
- హోస్ట్‌కూ గెస్ట్‌కూ సంబంధం లేని మూడో గడియారం. ఆటోమేటిక్ టైమ్ ఆన్‌లో ఉన్న మీ ఫోన్ చాలు
- కాగితం, పెన్ను. ఎందుకో మొదటి స్టెప్‌లోనే తెలుస్తుంది

కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, దాదాపు అన్నీ చిన్న బడిలో కొట్టాలి. ఏషియా/కోల్‌కతా లాంటి జోన్ పేర్లకు మాత్రం మొదటి అక్షరాలు పెద్ద బడిలో ఉంటాయి.

ముందే ఒక హెచ్చరిక. వీఎంలో డేటాబేస్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, పరీక్షల పోర్టల్ లాంటివి నడుస్తుంటే వాటిని బంద్ చేయకుండా గడియారాన్ని వెనక్కి తిప్పకండి. టైమ్ వెనక్కి పోతే ముందు వేసిన ఎంట్రీ తర్వాత వేసినట్టు కనిపిస్తుంది, క్రాన్‌లో (లైనక్స్‌లో వేళకు పనులు నడిపేది) పెట్టిన పని రెండుసార్లు నడవచ్చు. ముందుకు తిప్పడంలో ఈ ప్రమాదం తక్కువ, అయినా సర్వీసులు ఆపి చేయడమే క్షేమం.

స్టెప్ 1: తేడా ఎంత ఉంది, ఎలా పెరుగుతోంది?

అందరూ దాటేసే స్టెప్ ఇదే, దాటేస్తే మిగతాదంతా ఊహలతోనే నడుస్తుంది. గెస్ట్‌లోనూ, హోస్ట్ లైనక్స్ అయితే దాంట్లోనూ ఇది కొట్టండి:

డేట్ -యూ

"-యూ" పెడితే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) టైమ్ చూపిస్తుంది, టైమ్‌జోన్ గందరగోళం ఉండదు. మన టైమ్ యూటీసీకి 5 గంటల 30 నిమిషాలు ముందు, కాబట్టి ఫోన్‌లో పొద్దున 10:30 అయితే ఇక్కడ 5:00 ఉండాలి. తేడా రాసుకోండి, అరగంట ఆగి మళ్లీ రాసుకోండి, ఇంకో అరగంటకు మరోసారి. ఈ గంటసేపు లాప్‌టాప్ మూత వేయకండి, టైమ్ సరిచేయకండి.

రాసుకున్నవి చూస్తే కింది నాలుగింటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది.

తేడా సరిగ్గా ఐదున్నర గంటలైతే గడియారం మెల్లగా జారడం కాదు, టైమ్‌జోన్ లేదా హార్డ్‌వేర్ గడియారం సెట్టింగ్ సమస్య. స్టెప్ 3కి వెళ్లండి.

సంవత్సరమే తప్పుగా ఉంటే, వీఎం 2010లోనో ఇంకెక్కడో ఉంటే, హోస్ట్ మదర్‌బోర్డు బ్యాటరీని అనుమానించండి. స్టెప్ 2.

తేడా పెద్దదే కానీ గంటసేపట్లో ఏమీ పెరగలేదు, పైగా అది మీరు నిన్న మూత వేసి ఉంచిన సమయానికి దగ్గరగా ఉంది అంటే స్లీప్ లేదా సేవ్ స్టేట్ సమస్య. స్టెప్ 4, 5, తర్వాత 8.

తేడా చిన్నగా మొదలై ప్రతిసారీ పెరుగుతుంటే అది అసలైన డ్రిఫ్ట్, అంటే గడియారం మెల్లగా జారడం. దీని వేగం లెక్కగట్టండి. గంటకు 2 సెకన్లు వెనకబడితే రోజుకు 48 సెకన్లు, అంటే పది లక్షల్లో దాదాపు 556 వంతులు, దీన్నే 556 పీపీఎం అంటారు. టైమ్ సర్వర్‌లను చూసి గడియారాన్ని సర్దే పాత ప్రోగ్రాం ఎన్‌టీపీడీ గరిష్ఠంగా 500 పీపీఎం, అంటే రోజుకు 43.2 సెకన్ల వరకే మెల్లగా సర్దగలదు. అంతకు మించి జారే గడియారం దాని చేతిలో ఎప్పటికీ కుదురుకోదు, కొంచెం కొంచెం జారి ఒక్కసారిగా దూకుతూనే ఉంటుంది. మీ లెక్క 500 దగ్గరికి వచ్చినా, దాటినా స్టెప్ 7 మీకు తప్పనిసరి.

స్టెప్ 2: హోస్ట్ గడియారం సరిగ్గా ఉందా?

హోస్ట్ తప్పయితే గెస్ట్‌లో ఎంత కష్టపడినా రీబూట్ కాగానే మళ్లీ మొదటికొస్తుంది. హోస్ట్ విండోస్ అయితే సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో డేట్ అండ్ టైమ్‌కు వెళ్లి "సింక్ నౌ" నొక్కండి. ఎంత తేడా ఉందో అంకెల్లో కావాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో:

డబ్ల్యూ32టీఎం /స్ట్రిప్‌చార్ట్ /కంప్యూటర్:టైమ్.విండోస్.కామ్ /శాంపుల్స్:5 /డేటాఓన్లీ

ఐదు వరుసలు వస్తాయి, ఒక్కోదాంట్లో తేడా సెకన్లలో ఉంటుంది. 0.05 లాంటిది వస్తే ఈ పనికి బ్రహ్మాండంగా సరిపోతుంది. ఎర్రర్ వస్తే నెట్‌వర్క్‌లో 123 పోర్ట్ మూసి ఉందేమో అని ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

ల్యాబ్‌లలో, చిన్న ఆఫీసుల్లో ఉండే పాత డెస్క్‌టాప్‌ల గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ ఉంటుంది, ఎక్కువ బోర్డుల్లో దాని నంబర్ సీఆర్2032, 3 వోల్టులు. మెషీన్‌కు కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోయిన మెషీన్‌కు యూపీఎస్ కూడా లేకపోతే, ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏదో పాత సంవత్సరానికి పోతుంది. అప్పుడు వీఎం ఆన్ చేస్తే ఆ పాత తేదీతోనే లేస్తుంది. పరీక్ష తేలికే: మెషీన్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, పావుగంట ఆగి ఆన్ చేసి బయోస్‌లో తేదీ చూడండి. తప్పితే బ్యాటరీ మార్చండి. వీఎంలో చేసే ఏ మార్పూ దీనికి మందు కాదు.

స్టెప్ 3: టైమ్‌జోన్, హార్డ్‌వేర్ గడియారం

గెస్ట్‌లో కొట్టండి:

టైమ్‌డేట్‌సీటీఎల్

లోకల్ టైమ్, యూనివర్సల్ టైమ్, ఆర్‌టీసీ (హార్డ్‌వేర్ గడియారం) టైమ్, టైమ్‌జోన్ అన్నీ వరుసగా వస్తాయి. టైమ్‌జోన్ దగ్గర ఏషియా/కోల్‌కతా లేకపోతే:

సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా

జోన్ యూటీసీ అని ఉండి, యూనివర్సల్ టైమ్ సరిగ్గానే ఉంటే అసలు తప్పేమీ లేదు. సర్వర్‌లను కావాలనే యూటీసీలో పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, అది మంచి పద్ధతే. ఇక్కడ జరిగే పెద్ద తప్పేమిటంటే, ఐదున్నర గంటల తేడా చూసి కంగారుపడి "డేట్ -ఎస్" తో గడియారాన్నే ముందుకు జరపడం. అప్పటికి స్క్రీన్ మీద సరిగ్గా కనిపిస్తుంది, కానీ లోపల యూటీసీ ఐదున్నర గంటలు ముందుకు పోతుంది, ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా టైమ్ తెచ్చే పద్ధతి) వచ్చి దాన్ని మళ్లీ వెనక్కి లాగుతుంది, మీరు మళ్లీ జరుపుతారు. జోన్ తప్పయితే జోన్‌నే మార్చాలి, గడియారాన్ని ముట్టుకోవద్దు.

జోన్ సరిగ్గా ఉన్నా బూట్ కాగానే ఐదున్నర గంటలు తప్పుతుంటే హార్డ్‌వేర్ గడియారం దగ్గర గొడవ. లైనక్స్ ఆ గడియారం యూటీసీలో ఉందనుకుంటుంది, విండోస్ లోకల్ టైమ్‌లో ఉందనుకుంటుంది. వర్చువల్‌బాక్స్‌లో వీఎం సెట్టింగ్స్, సిస్టం, మదర్‌బోర్డు కింద "హార్డ్‌వేర్ క్లాక్ ఇన్ యూటీసీ టైమ్" అనే టిక్ ఉంటుంది. లైనక్స్ గెస్ట్‌కు టిక్ పెట్టండి, విండోస్ గెస్ట్‌కు తీసేయండి. కేవీఎం వాడేవాళ్లు వీఎం ఎక్స్‌ఎంఎల్‌లో క్లాక్ ఆఫ్‌సెట్ దగ్గర లైనక్స్‌కు యూటీసీ, విండోస్‌కు లోకల్‌టైమ్ అని పెట్టండి.

స్టెప్ 4: గడియారాన్ని ఎవరెవరు తిప్పుతున్నారు?

ఈ మొత్తంలో ఒక్క స్టెప్ మాత్రమే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి. ఒకే వీఎంలో క్రోనీ అనే టైమ్ ప్రోగ్రాం ఇంటర్నెట్ టైమ్ చూసి ఒకవైపు సర్దుతుంటుంది, వీఎంవేర్ టూల్స్ హోస్ట్ టైమ్ చూసి ఇంకోవైపు సర్దుతుంటుంది, ఎప్పుడో ఎవరో క్రాన్‌లో పెట్టిన ఎన్‌టీపీడేట్ గంటకోసారి ఇంకో దూకు దూకిస్తుంది. ఒక్కోటి విడిగా మంచిదే. కలిపి నడిస్తే ఏదీ కుదురుకోదు. ఒక గెస్ట్ గడియారాన్ని సర్దేది ఒక్కటే ఉండాలి, ముందు ఎన్ని ఉన్నాయో వెతకండి:

సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ క్రోనీ
సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ
సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఎన్‌టీపీ
సుడో క్రాన్‌ట్యాబ్ -ఎల్

రెడ్‌హ్యాట్ రకం లైనక్స్‌లలో క్రోనీ సర్వీస్ పేరు క్రోనీడీ, ఎన్‌టీపీది ఎన్‌టీపీడీ అని ఉంటుంది. వీఎంవేర్ గెస్ట్‌లో అదనంగా:

వీఎంవేర్-టూల్‌బాక్స్-సీఎండీ టైమ్‌సింక్ స్టేటస్

వర్చువల్‌బాక్స్‌లో గెస్ట్ అడిషన్స్ వేసి ఉంటే వీబాక్స్‌సర్వీస్ అనే ప్రోగ్రాం నడుస్తుంటుంది, హోస్ట్ టైమ్‌తో సరిపోల్చి గెస్ట్‌ను సర్దేది అదే. తేడా 20 నిమిషాల లోపు ఉంటే మెల్లగా సర్దుతుంది, దాటితే ఒకేసారి మారుస్తుంది. మూత తీశాక పది నిమిషాల తేడా వెంటనే పోలేదని ఎవరైనా అంటే కారణం ఇదే కావచ్చు.

ఎవరిని ఉంచాలి? నా అభిప్రాయం ఇది. ఇంటర్నెట్ ఉన్న లైనక్స్ వీఎంకు క్రోనీని ఉంచి మిగతావన్నీ బంద్ చేయండి. ఇంటర్నెట్ లేని ల్యాబ్ వీఎంకు హోస్ట్ సింక్ ఉంచండి, గెస్ట్‌లో ఎన్‌టీపీ బంద్. హైపర్-వీలో డొమైన్‌లో లేని గెస్ట్‌కు ఇంటిగ్రేషన్ సర్వీసెస్‌లోని టైమ్ సింక్రనైజేషన్‌ను అలాగే వదిలేయండి. డొమైన్‌లో చేరిన విండోస్ వీఎం తన డొమైన్ కంట్రోలర్ నుంచే టైమ్ తీసుకోవాలి, బయటి సర్వర్ పెట్టకండి. క్లౌడ్‌లో ఉంటే ఆ క్లౌడ్ ఇచ్చే టైమ్ వాడుకోండి, ఉదాహరణకు అమెజాన్‌లో 169.254.169.123 అనే చిరునామా వీఎం లోపలి నుంచే దొరుకుతుంది, బయటి నెట్ అక్కర్లేదు.

బంద్ చేయడం ఇలా. వీఎంవేర్‌లో పై కమాండ్‌లో స్టేటస్ బదులు డిసేబుల్ కొట్టండి. ఇది ఆపేది ఎప్పటికప్పుడు జరిగే సింక్‌ను మాత్రమే, సస్పెండ్ నుంచి లేచినప్పుడు, స్నాప్‌షాట్‌కు (ముందు దాచుకున్న వీఎం స్థితికి) వెనక్కి వెళ్లినప్పుడు టూల్స్ ఒకసారి టైమ్ సరిచేస్తుంది, దాన్ని ఉండనివ్వండి, మేలే చేస్తుంది. అయితే హోస్ట్ టైమ్ సరిగ్గా ఉండాలన్న స్టెప్ 2 అందుకే ముఖ్యం. వర్చువల్‌బాక్స్‌లో హోస్ట్ మీద:

వీబాక్స్‌మేనేజ్ సెట్‌ఎక్స్‌ట్రాడేటా "వీఎం పేరు" "వీబాక్స్‌ఇంటర్నల్/డివైసెస్/వీఎంఎండెవ్/0/కాన్ఫిగ్/గెట్‌హోస్ట్‌టైమ్‌డిసేబుల్డ్" 1

ఇందులో పెద్ద బడి, చిన్న బడి తేడా కూడా లెక్కకొస్తుంది కాబట్టి వర్చువల్‌బాక్స్ మాన్యువల్ నుంచి కాపీ చేసుకోవడమే నయం.

స్టెప్ 5: క్రోనీ పెట్టడం

ఉబుంటు, డెబియన్‌లో:

సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ క్రోనీ

ఇది వేయగానే ఇంకో టైమ్ ప్రోగ్రాం అయిన టైమ్‌సింక్‌డీ తనంతట తానే తప్పుకుంటుంది, రెండూ కలిసి ఉండవు. గడియారం మరీ తప్పుగా ఉండి ఇన్‌స్టాలే జరగకపోతే ఫోన్ చూసి "డేట్ -ఎస్" తో ఉజ్జాయింపుగా పెట్టి మళ్లీ కొట్టండి. ఆ కమాండ్‌కు అవసరం వచ్చేది ఇక్కడ మాత్రమే.

కాన్ఫిగ్ ఫైల్ ఉబుంటులో /ఈటీసీ/క్రోనీ/క్రోనీ.కాన్ఫ్, రెడ్‌హ్యాట్ రకాల్లో /ఈటీసీ/క్రోనీ.కాన్ఫ్. ఒకదాని గైడ్ చూసి ఇంకోదాంట్లో కొత్తగా ఫైల్ సృష్టించి, ఎందుకు పనిచేయట్లేదని తల పట్టుకోవద్దు. అందులో ఈ వరుసలు ఉండేలా చూడండి:

సర్వర్ సమయ్1.ఎన్‌ఐసీ.ఇన్ ఐబర్స్ట్
సర్వర్ సమయ్2.ఎన్‌ఐసీ.ఇన్ ఐబర్స్ట్
సర్వర్ టైమ్.ఎన్‌పీఎల్‌ఇండియా.ఆర్గ్ ఐబర్స్ట్
పూల్ ఇన్.పూల్.ఎన్‌టీపీ.ఆర్గ్ ఐబర్స్ట్
మేక్‌స్టెప్ 1.0 -1
ఆర్‌టీసీసింక్

మొదటి రెండూ కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీవి, మూడోది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీది, భారత ప్రామాణిక కాలాన్ని నిలబెట్టేది ఆ సంస్థే. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో కంపెనీలు, డేటా సెంటర్లు తమ సిస్టంల గడియారాలను ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్‌తో, లేదా వాటితో ముడిపడిన సర్వర్‌లతో కలపాలని ఉంది, కాబట్టి ఆఫీసు వీఎంలకు ఇవి పెట్టడం అన్నివిధాలా మంచిది. ఒక్క సర్వర్‌తో సరిపెట్టకండి. కనీసం నాలుగు ఉంటే ఒకటి తప్పు చెప్పినా మిగతావాటిని చూసి క్రోనీ దాన్ని పక్కన పెడుతుంది. గూగుల్ టైమ్ సర్వర్‌ను మాత్రం వీటితో కలపకండి, లీప్ సెకండ్ (ప్రపంచ గడియారానికి అప్పుడప్పుడు కలిపే ఒక సెకన్) వచ్చినప్పుడు అది ఆ సెకన్‌ను రోజంతా పరిచి సర్దుతుంది, మిగతావి అలా చేయవు.

మేక్‌స్టెప్ వరుస మీద శ్రద్ధ పెట్టండి. ఎక్కువ చోట్ల ముందే "మేక్‌స్టెప్ 1 3" అని ఉంటుంది, అంటే క్రోనీ మొదలయ్యాక మొదటి మూడు అప్‌డేట్లలో మాత్రమే, తేడా ఒక సెకన్ దాటితే ఒకేసారి దూకి సరిచేస్తుంది. ఆ తర్వాత ఎంత తేడా వచ్చినా మెల్లగానే జరుపుతుంది. ఆ మెల్లదనం ఎంతంటే, గరిష్ఠ వేగంలో 12 సెకన్లకు 1 సెకన్ సర్దుతుంది, గంట తేడా పోవాలంటే 12 గంటలు పడుతుంది. మధ్యాహ్నం గంటసేపు లాప్‌టాప్ మూత వేస్తే అర్ధరాత్రి దాటాక గానీ టైమ్ సరికాదు! "క్రోనీ పెట్టినా తప్పుగానే ఉంది" అనే వాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. మూడు బదులు -1 పెడితే ఎప్పుడైనా దూకవచ్చని అనుమతి ఇచ్చినట్టు. మూత వేసి తీసే లాప్‌టాప్ వీఎంకు -1 పెట్టండి. ఎప్పుడూ ఆగకుండా నడిచే డేటాబేస్ సర్వర్‌కు 3 నే ఉంచండి, అక్కడ హఠాత్తుగా దూకడం కంటే మెల్లగా సర్దడమే మంచిది.

స్టెప్ 6: ఒకసారి సరిచేయండి

సర్వీసులు ఆపి, తర్వాత:

సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ క్రోనీ
సుడో క్రోనీసీ మేక్‌స్టెప్
సుడో హెచ్‌డబ్ల్యూక్లాక్ --సిస్‌టుహెచ్‌సీ

మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఒక నిమిషం ఆగండి, సర్వర్‌ల నుంచి జవాబులు రావాలి కదా. మూడోది సరైన టైమ్‌ను వీఎం హార్డ్‌వేర్ గడియారంలో రాస్తుంది. డాకర్ కంటైనర్లు వాడేవాళ్లు కంటైనర్ లోపల ఇవేవీ ప్రయత్నించకండి. కంటైనర్ కింద ఉన్న కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ) గడియారాన్నే వాడుకుంటుంది, వీఎం సరైతే కంటైనర్లన్నీ సరవుతాయి.

స్టెప్ 7: క్లాక్‌సోర్స్, సీపీయూ భారం (అసలైన డ్రిఫ్ట్ ఉన్నవాళ్లకు)

కెర్నెల్ ఏ టైమర్‌తో టైమ్ లెక్కపెడుతోందో, అంటే క్లాక్‌సోర్స్ ఏదో, ముందు చూడండి:

క్యాట్ /సిస్/డివైసెస్/సిస్టం/క్లాక్‌సోర్స్/క్లాక్‌సోర్స్0/కరెంట్_క్లాక్‌సోర్స్

కేవీఎంలో "కేవీఎం-క్లాక్" లేదా "టీఎస్‌సీ", హైపర్-వీలో హైపర్‌వీ పేరుతో మొదలయ్యేది, వీఎంవేర్‌లో సాధారణంగా "టీఎస్‌సీ" వస్తే బాగుంది. "ఏసీపీఐ_పీఎం", "హెచ్‌పీఈటీ", మరీ ఘోరంగా "జిఫీస్" వస్తే కెర్నెల్ మంచి గడియారాన్ని వదిలేసిందని అర్థం. కారణం కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ఉంటుంది, "సుడో డీమెసేజ్ | గ్రెప్ -ఐ క్లాక్‌సోర్స్" కొట్టండి (కమాండ్‌లో డీమెసేజ్ స్పెల్లింగ్ ఐదక్షరాలే: డి, ఎం, ఈ, ఎస్, జి). టీఎస్‌సీ అన్‌స్టేబుల్ అని గుర్తుపెట్టిన వరుస కనిపిస్తుంది. దాన్ని బలవంతంగా నమ్మించే బూట్ ఆప్షన్లు నెట్‌లో దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. కెర్నెల్ ఊరికే అనుమానించదు.

వర్చువల్‌బాక్స్‌లో అయితే సెట్టింగ్స్, సిస్టం, యాక్సిలరేషన్ కింద పారావర్చువలైజేషన్ ఇంటర్‌ఫేస్ "డిఫాల్ట్" లో ఉందో లేదో, వీఎం తయారు చేసినప్పుడు ఓఎస్ రకం సరిగ్గా ఎంచుకున్నారో లేదో చూడండి. విండోస్ హోస్ట్ మీద వీఎం కిటికీ కింద మూల తాబేలు బొమ్మ కనిపిస్తే వర్చువల్‌బాక్స్ హైపర్-వీ మీదుగా నడుస్తోందని లెక్క, వీఎం నెమ్మదిస్తుంది, గడియారం కూడా ఇబ్బంది పడవచ్చు.

ఇంకొకటి, మన దగ్గర చాలా ఎక్కువ. నాలుగు కోర్ల లాప్‌టాప్‌లో హడూప్ క్లస్టర్ ప్రాక్టీస్ కోసమని మూడు వీఎంలు పెట్టి, ఒక్కోదానికి నాలుగేసి సీపీయూలు ఇస్తారు. హోస్ట్ దగ్గర లేనిదాన్ని పంచితే ఎవరి వంతూ వేళకు రాదు. ఒక్కో వీఎంకు ఒకటి, మహా అయితే రెండు ఇవ్వండి. కేవీఎం గెస్ట్‌లో "టాప్" కొట్టి సీపీయూ వరుస చివర ఉండే "ఎస్‌టీ" అంకె చూడండి, గెస్ట్ అడిగినా హోస్ట్ ఇవ్వని సమయమది. ఎప్పుడూ సున్నా దగ్గర లేకపోతే కారణం దొరికినట్టే. సీపీయూలు తగ్గించాక స్టెప్ 1 లెక్క మళ్లీ చేయండి.

స్టెప్ 8: మూత వేసి తీసేవాళ్లకు

మూత వేసే ముందు వీఎంను షట్‌డౌన్ చేస్తే ఈ సమస్యే రాదు, కానీ ఎవరూ చేయరు, నాకు తెలుసు. స్టెప్ 5 ప్రకారం -1 పెట్టినవాళ్లకు మూత తీశాక కొన్ని నిమిషాల్లో సర్దుకుంటుంది. టైమ్‌సింక్‌డీతోనే ఉన్నవాళ్లకు అది మళ్లీ సర్వర్‌ను అడగడానికి 34 నిమిషాల దాకా పట్టవచ్చు, ఆగలేకపోతే ఆ సర్వీస్ రీస్టార్ట్ చేయండి. పాత ఎన్‌టీపీడీ అయితే తేడా 1000 సెకన్లు దాటగానే చేతులెత్తేసి ఆగిపోతుంది, వీఎంలలో దాని కాన్ఫిగ్‌లో "టింకర్ ప్యానిక్ 0" పెట్టాలి, లేదా క్రోనీకి మారిపోవాలి, నేను మారిపొమ్మనే చెబుతాను.

విండోస్‌లో లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్2 వాడేవాళ్లకు, అదీ ఒక వీఎంనే. టైమ్ తప్పితే "సుడో హెచ్‌డబ్ల్యూక్లాక్ -ఎస్" కొట్టండి, అదీ వినకపోతే విండోస్ వైపు నుంచి "డబ్ల్యూఎస్‌ఎల్ --షట్‌డౌన్" కొట్టి మళ్లీ తెరవండి. రెండోదానితో లోపల నడుస్తున్నవన్నీ ఆగిపోతాయి, ఫైళ్లు సేవ్ చేసుకోండి.

స్టెప్ 9: నిజంగా సరైందా?

స్క్రీన్ మూలలో గడియారం చూసి అయిపోయిందనుకోకండి. ఈ రెండూ కొట్టండి:

క్రోనీసీ సోర్సెస్
క్రోనీసీ ట్రాకింగ్

మొదటిదాంట్లో వరుస మొదట్లో నక్షత్రం గుర్తు ఉన్న సర్వర్ ఒకటి కనిపించాలి, క్రోనీ ఇప్పుడు నమ్ముతున్నది దాన్నే. ప్లస్ గుర్తున్నవి తోడుగా వాడుతున్నవి. ప్రశ్న గుర్తు ఉంటే ఇంకా జవాబు రాలేదని, ఎక్స్ అక్షరం ఉంటే ఆ సర్వర్ తప్పు చెబుతోందని క్రోనీ తీర్మానించిందని అర్థం. రీచ్ కాలమ్‌లో 377 ఉంటే గత ఎనిమిది సార్లూ జవాబు వచ్చింది. ఇది 8 ఆధారంగా రాసే అంకె, 377 కంటే పెద్దది ఉండదు. మొదలుపెట్టగానే 1, 3, 7, 17 అని పెరుగుతూ పోతుంది, పది నిమిషాలు ఓపిక పట్టండి.

అందరి దగ్గరా రీచ్ 0 అంటే యూడీపీ 123 మూసి ఉంది. కాలేజీ నెట్‌వర్క్‌లో ఇది మామూలే. ముందుగా ఫోన్ హాట్‌స్పాట్‌కు మార్చి చూడండి, అక్కడ పనిచేస్తే ఖాయం. అప్పుడు మూడు దారులు: నెట్‌వర్క్ చూసేవాళ్లను ఎన్‌టీపీకి అనుమతి అడగడం, లేదా ల్యాబ్‌లో టైమ్ సరిగ్గా ఉన్న ఒక మెషీన్‌లో క్రోనీ పెట్టి "అలౌ" వరుసతో మిగతావాటికి టైమ్ పంచడం, లేదా హోస్ట్ నుంచి నేరుగా తీసుకోవడం. కేవీఎంలో పీటీపీ_కేవీఎం మాడ్యూల్ లోడ్ చేస్తే /డెవ్/పీటీపీ0 వస్తుంది, క్రోనీలో దాన్ని రెఫ్‌క్లాక్‌గా (ఆధార గడియారంగా) పెట్టుకోవచ్చు, నెట్ లేకపోయినా హోస్ట్‌తో చాలా దగ్గరగా నడుస్తుంది.

ట్రాకింగ్‌లో మూడు చూడండి. "సిస్టం టైమ్" దగ్గర తేడా సెకన్‌లో వెయ్యో వంతుల్లో ఉండాలి. "లీప్ స్టేటస్" నార్మల్ అనాలి. "ఫ్రీక్వెన్సీ" అంటే మీ గడియారం ఎన్ని పీపీఎం వేగంగా లేదా నిదానంగా ఉందో క్రోనీ కట్టిన లెక్క, కొన్ని పదుల్లో ఉంటే మామూలే, వందల్లో ఉంటే, లేదా చూసిన ప్రతిసారీ బాగా మారిపోతుంటే, ఇంకెవరో గడియారం తిప్పుతున్నారు, స్టెప్ 4కి, ఆ తర్వాత స్టెప్ 7కి వెళ్లండి.

విండోస్ గెస్ట్‌లో "డబ్ల్యూ32టీఎం /క్వెరీ /సోర్స్" కొట్టండి. హైపర్-వీలో "వీఎం ఐసీ టైమ్ సింక్రనైజేషన్ ప్రొవైడర్" అని వస్తే హోస్ట్ నుంచి తీసుకుంటోంది. "లోకల్ సీమాస్ క్లాక్" అని వస్తే ఎవరి నుంచీ తీసుకోవట్లేదు.

ఆ తర్వాత మూడు పరీక్షలు: వీఎం రీబూట్ చేసి చూడండి, పది నిమిషాలు మూత వేసి తీసి చూడండి, మర్నాడు పొద్దున ఇంకోసారి చూడండి. మూడూ గట్టెక్కితే సరైనట్టే. పాత స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళితే మాత్రం మీరు మార్చిన కాన్ఫిగ్ కూడా పోతుందని మరవకండి. ఇప్పుడే కొత్త స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇంకా కుదరకపోతే

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు "టైమ్ తప్పుతోంది" అని ఒక్క ముక్క పంపితే అవతలివాళ్లు ఏమీ చేయలేరు. స్టెప్ 1లో కాగితం మీద రాసుకున్న మూడు రీడింగులు, హోస్ట్ ఓఎస్, ఏ వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్, దాని వెర్షన్, టైమ్‌డేట్‌సీటీఎల్, క్రోనీసీ సోర్సెస్, క్రోనీసీ ట్రాకింగ్ చూపించినదంతా, కరెంట్ క్లాక్‌సోర్స్ పేరు, వీఎంకు ఎన్ని సీపీయూలు ఇచ్చారో, హోస్ట్‌కు అసలు ఎన్ని కోర్లున్నాయో కలిపి పంపండి. స్క్రీన్‌కు ఫోన్‌తో ఫోటో తీయకుండా టెక్స్ట్‌గా కాపీ చేసి పంపితే ఇంకా మంచిది.